పిల్లల ఫోను కంటే ముందు పెద్దల ఫోను

హైదరాబాద్‌లో ఫోను కొనాలన్నా, పగిలిన డిస్‌ప్లే మార్పించాలన్నా, చవగ్గా ఛార్జరో ఇయర్‌ఫోనో కావాలన్నా జనం వెళ్లేది ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌కో, కోఠి గుజరాతీ గల్లీకో. వాటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది సుల్తాన్ బజార్. చీరలు, గాజులు, డ్రెస్ మెటీరియళ్లు అమ్మే ఇక్కడి దుకాణాల్లో చాలావరకు కుటుంబ వ్యాపారాలే. ఆ వ్యాపారంలో ఇప్పుడు పెద్ద భాగం ఫోనులోనే నడుస్తోంది. కొత్త సరుకు ఫొటోలు వాట్సాప్‌లో వెళ్తాయి. పక్క జిల్లాలో ఉన్న ఖాతాదారుకు వీడియో కాల్‌లోనే కొంగు విప్పి చూపిస్తారు. డబ్బు క్యూఆర్ కోడ్ మీద పడుతుంది. బడి వదిలాక ఇంటికి కాకుండా నేరుగా దుకాణానికే వచ్చే పిల్లలూ ఉంటారు. గల్లా పక్కన కూర్చున్న పిల్లవాడికి ఇంట్లోని రెండో ఫోను అందుతుంది. గిరాకీ తగ్గేదాకా వాణ్ని కూర్చోబెట్టడానికి అమ్మానాన్నలకు దొరికే సాధనం అదొక్కటే.

పిల్లలకు ఫోను ఎన్ని గంటలు ఇవ్వొచ్చన్నది తల్లిదండ్రుల సమావేశాల్లోనూ, పిల్లల డాక్టర్ల దగ్గరా తరచూ వినిపించే ప్రశ్న. ఆ ప్రశ్న అవసరమే, కానీ దానికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఆ పిల్లవాడు రోజంతా ఎవరి చేతిలో ఫోను చూస్తున్నాడు? ఏళ్లుగా పోగైన పరిశోధనలు, చట్టాలు, పోలీసుల అనుభవం, మన వీధుల్లో జరుగుతున్నవి అన్నీ కలిపి చూస్తే నాకు ఒకటే తోస్తోంది. పిల్లలకు ఆన్‌లైన్‌లో జరిగే కీడులో ఎక్కువ భాగం పెద్దల ఫోను గుండానే వస్తోంది. రక్షణ కూడా అక్కడే మొదలవ్వాలి.

పిల్లలు చెప్పింది చెయ్యరు, చూసింది చేస్తారని మన ఇళ్లలో అందరికీ తెలుసు. దాన్ని 1961లో స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా ప్రయోగం చేసి చూపించాడు. ఒక పెద్ద మనిషి గాలిబొమ్మను కొడుతుంటే చూసిన పిల్లలు, తర్వాత అదే బొమ్మ దొరికితే అవే దెబ్బలు వేశారు. 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగం ఇంకా నేరుగా మన విషయానికి తగులుతుంది. బిడ్డతో ఆడుతున్న తల్లిని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చోమన్నారు. బిడ్డ నవ్వింది, చేతులు చాచింది, కేకలు పెట్టింది. ఏదీ పనిచేయకపోయేసరికి ముఖం తిప్పేసుకుని ఏడ్చింది. ట్రానిక్ కాలానికి స్మార్ట్‌ఫోను లేదు. కానీ పాలిస్తూ తెర వైపు చూస్తున్న తల్లి ముఖంలో, అన్నం ముందు కూర్చుని రీల్స్ జరుపుతున్న తండ్రి ముఖంలో బిడ్డకు కనిపించేది ఆ కదలికలేని ముఖమే.

2014లో పిల్లల వైద్యురాలు జెనీ రాడెస్కీ బృందం బోస్టన్ ప్రాంతంలోని ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లలో, పిల్లలతో వచ్చిన 55 మంది పెద్దలను దూరం నుంచి గమనించింది. వారిలో 40 మంది భోజనం మధ్యలో ఫోను వాడారు. ఫోనులో పూర్తిగా మునిగిపోయిన పెద్దల పిల్లల్లో కొందరు అల్లరి పెంచారు. ఆ అల్లరికి పెద్దల నుంచి వచ్చిన జవాబు విసుగు, కసురు. పిల్లవాడి మొండితనం అని మనం పేరు పెట్టేది చాలాసార్లు మన దృష్టి కోసం వాడు పడే పాటు. దాన్ని ఆపడానికి ఇంకో ఫోను వాడి చేతిలో పెడుతున్నాం.

ఇక్కడ సుల్తాన్ బజార్ తల్లిదండ్రుల తరఫున ఒక మాట చెప్పాలి. విదేశీ పరిశోధకులు ఇచ్చే సలహా ‘పిల్లల ముందు ఫోను పక్కన పెట్టండి’ అని. గల్లా మీద కూర్చున్నవాడు ఫోను పక్కన పెడితే ఆ రోజు బేరం పోతుంది. క్యాబ్ నడిపే తండ్రి, ఇంటి నుంచి కుట్టుపని ఆర్డర్లు తీసుకునే తల్లి, రాత్రి పదకొండుకు అమెరికా టీముతో కాల్ ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అందరిదీ అదే పరిస్థితి. వాళ్లను తప్పు పట్టి లాభం లేదు. చిక్కు ఏమిటంటే, నాన్న ఆర్డర్ చూస్తున్నాడా, క్రికెట్ క్లిప్ చూస్తున్నాడా అన్నది పిల్లవాడికి తెలియదు. రెండిటికీ మెడ ఒకేలా వంగుతుంది.

అందుకని చేస్తున్న పనిని పైకి చెప్పడం చిన్న అలవాటే అయినా దాని విలువ పెద్దది. ‘సూర్యాపేట ఆంటీకి చీర ఫొటోలు పంపుతున్నా నాన్నా, అయిదు నిమిషాలు’ అని చెప్పి, అయిదు నిమిషాలకు ఫోను బోర్లించాలి. అలా చెప్పడం మొదలుపెడితే ఇంకో మేలూ ఉంది. ఊరికే తెర జరుపుతున్నప్పుడు పైకి చెప్పడానికి మన దగ్గర మాట ఉండదు. ఫోను ఒక పని కోసం తీసి, పని కాగానే పెట్టేసే వస్తువని పిల్లవాడు నేర్చుకునేది ఇలాగే.

గంటల లెక్కలు త్వరగా చెప్పుకుందాం, ఎందుకంటే వాటిమీద పెద్ద తగాదా లేదు. ఏడాది లోపు బిడ్డకు తెర అసలే వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ల లోపు వద్దంది. అయిదేళ్ల దాకా పెద్దలు పక్కన ఉండగా గంట, పదేళ్ల దాకా రెండు గంటల లోపు అంది. బంధువులతో అప్పుడప్పుడు చేసే వీడియో కాల్‌కు మినహాయింపు ఉంది. డాలస్‌లో ఉన్న మనవరాలిని చూడటానికి ఆదివారం కోసం ఎదురుచూసే నానమ్మలు దిగులు పడనక్కర్లేదు. అన్నం తినిపించేటప్పుడు మాత్రం ఫోను పెట్టొద్దని డాక్టర్లు చెప్తున్నారు. సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట, బిడ్డను ఒడిలో పెట్టి ఇంటికి పంపే రోజున టీకాల కార్డుతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపితే ఎంత బాగుంటుంది! రెండేళ్లు నిండిన బిడ్డకు ఫోను చూపిస్తేనే ముద్ద దిగే అలవాటయ్యాక దాన్ని మాన్పించడం కష్టం.

మన పిల్లల చేతికి ఫోను ఇంత త్వరగా రావడానికి ఒక తేదీ కూడా ఉంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో వచ్చాయి. ప్రైవేటు బడులు జూమ్‌లోకి, హోంవర్కు వాట్సాప్‌లోకి వెళ్లాయి. అప్పటిదాకా ఫోను ముట్టుకోవద్దన్న ఇళ్లే అప్పులు చేసి ఫోన్లు కొన్నాయి. బడులు తెరిచారు గానీ ఫోను వెనక్కి రాలేదు. హోంవర్కు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులోనే వస్తోంది. బడిపిల్లల చదువుపై సర్వే అయిన అసర్ 2024 నివేదిక గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చినవారు 82 శాతం. అంతకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో, ఒక ఖాతాను బ్లాక్ చేయడమో ఫిర్యాదు చేయడమో తెలిసినవారు 62 శాతమే. మిగతావాళ్లు తలుపుకు గడియ ఎక్కడుందో తెలియని ఇంట్లో ఒంటరిగా ఉన్నట్టే.

ఇంట్లో ఒకే ఫోను ఉండి, అది అందరిదీ అయినప్పుడు ప్రమాదం ఇంకో రూపంలో వస్తుంది. పాశ్చాత్య దేశాల సలహాలు చాలావరకు పిల్లవాడికి సొంత ఫోను ఉందన్న లెక్కతో రాసినవి. మన మధ్యతరగతి, దిగువ మధ్యతరగతి ఇళ్లలో పిల్లవాడు వాడేది నాన్న యూట్యూబ్, అమ్మ ఇన్‌స్టాగ్రామ్. నాన్న రాత్రి ఏం చూశాడో యాప్‌కు గుర్తుంటుంది. ఉదయం కార్టూన్ కోసం తెరిచిన పాప ముందు అదే రకం వీడియో వచ్చి నిలబడుతుంది. అందువల్ల పిల్లల కోసం విడిగా ఒక ప్రొఫైల్, చిన్నవాళ్లకైతే యూట్యూబ్ కిడ్స్ పెట్టుకోవడం మంచిది. అంతకంటే ముందు, పిల్లవాడి చేతికి వెళ్లే ఫోనులో తాను ఏం చూస్తున్నాడో పెద్దవాడు తనను తాను అడగాలి. చాలా ఇళ్లలో ఈ ఒక్క ప్రశ్న అడగరు.

తర్వాత పుట్టిన సంవత్సరం సంగతి. సోషల్ మీడియా ఖాతాకు పదమూడేళ్లన్న నియమం అమెరికాలో 1998లో వచ్చిన ఒక చట్టం నుంచి వచ్చింది. ఇక్కడ పదేళ్ల పిల్లకు ఖాతా కావాలంటే పుట్టిన సంవత్సరం మార్చి పెట్టేది ఎక్కువగా ఇంట్లో పెద్దలో, ఫోను అమ్మిన దుకాణంలో కుర్రవాడో. ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశంలో టీన్ ఖాతాలు తెచ్చింది. వాటిలో అపరిచితులు మెసేజ్ పంపలేరు, ఖాతా తనంతట తానే ప్రైవేటుగా ఉంటుంది, పదహారేళ్ల లోపువారు ఆ కట్టుబాట్లు సడలించాలంటే పెద్దల అనుమతి కావాలి. కానీ ఇరవై రెండేళ్లని రాసిన పిల్లకు ఆ రక్షణ ఒక్కటీ అందదు. పైగా ఇంటర్నెట్‌లో మొదటి అడుగే అబద్ధంతో వెయ్యొచ్చని పిల్లకు నేర్పింది సొంత తల్లిదండ్రులవుతారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు అందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోకుండా వాళ్ల సమాచారం వాడకూడదంటుంది, వాళ్లను వెంటాడే ప్రకటనలు వద్దంటుంది, తప్పితే 200 కోట్ల దాకా జరిమానా అంటుంది. నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీలకు సర్దుకోవడానికి 18 నెలల గడువిచ్చారు. చట్టం మంచిదే. వయసు దగ్గర అబద్ధమాడే ఇంట్లో మాత్రం దాని బలం సగమవుతుంది.

పెద్దల అలవాట్లు పిల్లలకు కీడు చేసిన తీరును తెలుగు సమాజం కళ్లారా చూసింది 2024 జులైలో. ఒక తండ్రి తన చిన్న కూతురితో సరదాగా చేసిన వీడియోను తీసుకుని, ఒక తెలుగు యూట్యూబర్, అతని స్నేహితులు లైవ్‌లో లైంగికమైన నీచపు మాటలు మాట్లాడుకున్నారు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి ప్రభుత్వాన్ని కదిలించాడు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసింది. నేరం పూర్తిగా ఆ మాటలన్నవారిదే, ఆ తండ్రిది రవ్వంత కూడా కాదు. కానీ మనం పోస్టు చేసిన బిడ్డ వీడియో ఎవరి తెర మీదికి వెళ్తుందో, వాళ్లు దాంతో ఏం చేస్తారో మన చేతుల్లో ఉండదని ఆ సంఘటన తర్వాత ఏ తల్లీ తండ్రీ తెలియదనలేరు. ఇప్పుడు ఫొటో ఒక్కటి చాలు, ఏఐ యాప్‌లు దాన్ని అశ్లీలంగా మార్చేస్తాయి. స్నానం చేయిస్తున్న వీడియో, బడి పేరు కనిపించే యూనిఫాం ఫొటో, ఇంటి ముందు ముగ్గు దగ్గర నిలబడ్డ పాప వెనక ఇంటి నంబరు, ఇవి కుటుంబ గ్రూపు దాటకూడదు. కాస్త పెద్ద పిల్లలైతే ‘పెట్టనా?’ అని అడిగి పెట్టాలి. తన ఫొటో మీద తనకు హక్కుందని ఇంట్లో నేర్చుకున్న పిల్ల, రేపు ఎవడో అడిగినప్పుడు కాదనగలదు.

పిల్లలను కాపాడాలనే ఆత్రంలోనే పెద్దలు ఫోనుతో ఘోరం చేసిన సందర్భం కూడా మన ఊళ్లోదే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018 మేలో తెలుగు రాష్ట్రాలంతటా వాట్సాప్ వదంతులు పాకాయి. ఆ నెలాఖరున హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో మూక ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపింది. ఆ వదంతిని పంచినవాళ్లలో చాలామంది తల్లిదండ్రులే అయ్యుంటారు, పిల్లల మేలు కోరే పంచి ఉంటారు. అదే సమయంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసులను ఊరూరికీ పంపి, పాటలతో, డప్పులతో వదంతులు నమ్మొద్దని చెప్పించారు. వచ్చింది వచ్చినట్టు ముందుకు తోసే తల్లిదండ్రుల దగ్గర పెరిగే పిల్లలు ఏది నిజమో ఆగి చూడటం ఎక్కడ నేర్చుకుంటారు?

ఇక అన్నిటికన్నా బరువైన విషయం. గేములోనో ఇన్‌స్టాలోనో పరిచయమైన వ్యక్తి మెల్లగా నమ్మకం సంపాదించి, ఫొటో అడిగి, ఆ ఫొటోతో బెదిరించడం. బెదిరించేవాడి చేతిలో ఉండే పెద్ద ఆయుధం ‘మీ ఇంట్లో చెప్తా’ అన్న మాట. ఇంట్లో తెలిస్తే కొడతారు, ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు అన్న భయం ఆడపిల్లకు ఉన్నంతకాలం ఆ ఆయుధం పనిచేస్తూనే ఉంటుంది. ఏ యాప్ కూడా దీన్ని ఆపలేదు. ఏం జరిగినా ముందు మాకు చెప్పు, కొట్టం, ఫోను తీసుకోం, కలిసి చూసుకుందాం అన్న మాట పిల్లకు ముందే ఇచ్చి ఉండాలి. చిన్న తప్పు బయటపడినప్పుడు ఆ మాట నిలబెట్టుకుని ఉండాలి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో సోనియా లివింగ్‌స్టన్ ఏళ్లతరబడి చేసిన పరిశోధన ఇదే వైపు చూపిస్తుంది. ఆంక్షలు మాత్రమే పెట్టే ఇళ్లలో పిల్లలకు ప్రమాదం కొంత తగ్గుతుంది, నేర్పు కూడా తగ్గుతుంది. పక్కన కూర్చుని మాట్లాడుతూ వాడనిచ్చే ఇళ్లలో నేర్పు పెరుగుతుంది.

పోలీసుల దగ్గరికి వెళ్తే పరువు పోతుందన్న భయంతో తల్లిదండ్రులు ఆగిపోతారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ఆ భయాన్ని ముందే ఊహించింది. బిడ్డ వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. బిడ్డ పేరు, బడి, ఇల్లు ఏదీ పత్రికల్లో రాకూడదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ ఎదుట హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం మహిళలతో పాటు ఇలాంటి బిడ్డలకోసం కూడా. వైద్యం, సలహా, న్యాయ సాయం అక్కడ ఒకే చోట దొరుకుతాయి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లల మీద జరిగే నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే 1930కి, బిడ్డ ఆపదలో ఉంటే 1098కి ఫోను చేయాలి. ఈ రెండు నంబర్లు ఫ్రిజ్ మీదో గల్లా మీదో అంటించి పెట్టుకోవడం మేలు. పిల్లల లైంగిక వీడియోలను ఫోనులో దాచుకోవడం, చూడటం కూడా నేరమేనని 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు తేల్చింది. గ్రూపులో ఎవరో పంపారని ఊరుకునే మగవాళ్లు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు సంగతి. పందెం కట్టే డబ్బు గేముల మీద తెలంగాణ 2017లోనే చట్టం సవరించి నిషేధం పెట్టింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయినా మామూలు గేముల్లో కూడా వేషాలు, ఆయుధాలు కొనడానికి నాన్న యూపీఐ పిన్ వాడుకునే పిల్లలున్నారు. దుకాణంలో రద్దీగా ఉన్నప్పుడు ‘నువ్వే కొట్టు’ అని పిన్ చెప్పిన నాన్నలూ ఉన్నారు. దీనికి మందు సులువు, పిన్ మార్చి ఎవరికీ చెప్పకపోవడమే.

పదహారేళ్ల లోపువారికి సోషల్ మీడియా ఖాతాలను ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ 10 నుంచి ఆపేసింది. జరిమానా కంపెనీలకే, పిల్లలకూ తల్లిదండ్రులకూ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అలాంటి ఆలోచన ఉందని మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో చెప్పారు. నిషేధానికి నేను వ్యతిరేకిని కాను. కంపెనీల మెడ వంచే శక్తి ప్రభుత్వాలకే ఉంది. కానీ అందరూ ఒకే ఫోను వాడే మన ఇళ్లలో, ఖాతా నాన్నదే అయినప్పుడు, నిషేధం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో ప్రశ్న తప్పించుకోలేం. ఫోను తీసేస్తే ఈ పిల్లలు ఎక్కడికి పోవాలి? సుల్తాన్ బజార్ బడీచౌడిలో ఆడుకునే స్థలం లేదు, రోడ్డు బండ్లది, ఫుట్‌పాత్ అమ్మకాలది. ఆటస్థలానికి పంపండని రాసేవాళ్లు ఒకసారి ఈ గల్లీల్లో నడిచి చూడాలి. ఉన్నవి మాత్రం విలువైనవి. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు పూనికతో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం సుల్తాన్ బజార్‌లోనే ఉంది. నిజాం కాలంలో తెలుగువాడు తన భాషలో చదువుకోవడానికి తెచ్చుకున్న చోటు అది. పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది, అక్కడ పాట, నాట్యం, బొమ్మలు గీయడం నేర్పుతారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా దుకాణదారుల పిల్లలకోసం గ్రంథాలయంలో ఒక గది, కూర్చోబెట్టి కథలు చదివించే ఒక మనిషి ఉంటే చాలు. అందుకయ్యే ఖర్చు ఇక్కడి వ్యాపార సంఘాలకు భారం కాదు.

చివరిగా జగదీశ్ మార్కెట్, గుజరాతీ గల్లీ దుకాణదారులకు ఒక విన్నపం. ఫోను కొన్నవారికి టెంపర్డ్ గ్లాస్ అంటించి, జీమెయిల్ ఖాతా తెరిచి ఇచ్చేది మీ దగ్గరి కుర్రవాళ్లే. ఈ ఫోను పిల్లల చేతికి వెళ్తుందా అని ఒక్క మాట అడగండి. వెళ్తుందంటే పుట్టిన తేదీ నిజమైనదే వేసి, పిల్లల ఫోను వాడకాన్ని పెద్దలు అదుపులో పెట్టుకునే ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టి, దాన్ని ఎలా వాడాలో తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చూపించండి. గ్లాస్ అంటించడానికి పట్టే సమయం కన్నా కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. దానికి యాభై రూపాయలు తీసుకున్నా తప్పు లేదు.